మంగళం పాడినా... మిగిలే దుఃఖం

పాటలతో నిండిన నాటకం నిజమైన విషాదం కాగలదా? రాగం తీస్తూ ఏడ్చేవాడి ఏడుపును నమ్మొచ్చా? పాశ్చాత్య రంగస్థలం మీద ఎప్పటినుంచో నలుగుతున్న ప్రశ్న ఇది. కల్యాణాలకూ మంగళహారతులకూ పేరుపడ్డ తిరుచానూరులో నిలబడి చుట్టూ చూస్తే, దీనికో జవాబు దొరుకుతుంది. కాకపోతే... తెల్లవార్లూ మేలుకుని వినాలి!

తిరుపతి నుంచి తిరుచానూరు ఐదు కిలోమీటర్లు. రెండు ఊళ్లూ ఎప్పుడో కలిసిపోయాయి. ఎక్కడ ఆ ఊరు అయిపోయిందో, ఎక్కడ ఈ ఊరు మొదలైందో కొత్తవాళ్లకు అర్థం కాదు. దారి పక్కన పసుపు, కుంకుమ, గాజులు, తామరపూలు అమ్మే దుకాణాలు వరసగా కనిపించాయంటే అమ్మవారి ఊళ్లోకి వచ్చేసినట్టే.

ఇక్కడ అడుగడుగునా మంగళమే. అమ్మవారి పేరే అలమేలు మంగ. ఊరికి ఉన్న పాత పేర్లలో ఒకటి అలమేలుమంగాపురం. గుడి పక్కనే ఉన్న పద్మసరోవరంలో, బంగారు తామరలో, కార్తీక శుద్ధ పంచమి నాడు అమ్మవారు అవతరించిందని స్థలపురాణం. అందుకే కార్తీక బ్రహ్మోత్సవాలు పంచమీతీర్థంతో ముగుస్తాయి. ఆ రోజు కొండమీద నుంచి స్వామివారు పంపే సారె వస్తుంది. పట్టుచీర, పసుపు, కుంకుమ, పూలదండలు... ఏనుగుల వెంట, మేళతాళాలతో. ఆ ఘడియల్లో పుష్కరిణిలో ఒక్క మునక వేస్తే చాలని ముందురోజు రాత్రి నుంచే జనం కాచుకుని ఉంటారు.

మరి ఇంత మంగళం వెనక ఉన్న కథేమిటి? అదొక ఎడబాటు కథ! భృగుమహర్షి వచ్చి స్వామి గుండెల మీద తన్నాడు. తానుండే చోటును తన్నినా పెనిమిటి పల్లెత్తు మాట అనలేదని అమ్మవారు అలిగింది. వైకుంఠం విడిచిపెట్టింది. ఆమెను వెతుక్కుంటూ ఆయనా భూమ్మీదికి వచ్చాడు. పెళ్లి కోసం కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. ఆ వడ్డీ ఇప్పటికీ తీరలేదంటారు. చివరికి కొండమీద ఆయన, కొండకింద ఈమె. రోజూ రాత్రి స్వామి కొండ దిగి వచ్చి అమ్మను చూసి వెళతాడన్నది ఇక్కడి జనం నమ్మకం. తాళ్లపాక అన్నమయ్య (1408-1503) శృంగార సంకీర్తనల్లో అంతగా విరహం ఉందంటే ఉండదూ మరి!

ఊరి పేరు వెనకా ఓ కథ ఉంది. శుకమహర్షి ఉన్న చోటు కాబట్టి తిరుశుకనూరు... అదే వాడుకలో తిరుచానూరు అయిందని స్థానికులు చెబుతారు. శుకుడంటే భాగవతం చెప్పినవాడు. ఎవరికి చెప్పాడు? ఏడు రోజుల్లో చనిపోతానని తెలిసి కూర్చున్న పరీక్షిత్తుకి. కథ అయిపోతుంది, విన్నవాడు మరణిస్తాడు. అయినా భాగవతాన్ని విషాదాంతమని ఎవరూ అనరు. ఎందుకని? ఆ ప్రశ్నను కాసేపు పక్కన ఉంచుదాం.

హరికథ చివర...

బ్రహ్మోత్సవాల సాయంత్రాల్లో తిరుచానూరు ఆస్థాన మండపానికి వెళితే సంకీర్తనో, హరికథో వినిపిస్తుంది. చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, మెడలో పూలదండ. ఒక్క మనిషే రాజవుతాడు, రాణవుతాడు, రాక్షసుడవుతాడు. కథలో ఎన్ని చావులున్నా, ఎన్ని శాపాలున్నా ఆఖరున మంగళం తప్పదు. అది పాడకుండా కథకుడు చిడతలు కింద పెట్టడు. యక్షగానమైనా అంతే, వీధినాటకమైనా అంతే. అందుకే తెలుగులో దేనికైనా ముగింపు పలికితే 'మంగళం పాడేశారు' అంటాం.

సరిగ్గా ఇక్కడే పండితులకు అనుమానం. పాటతో మొదలై, పాటతో నడిచి, మంగళంతో ముగిసే ప్రదర్శనలో విషాదానికి చోటెక్కడ? ఇంగ్లిషు రంగస్థలం మీద పాటల నాటకాల గురించి వినిపించే అభ్యంతరాలు కూడా ఇవే. ఒకటి, ప్రాణం పోయేటప్పుడు ఎవరూ పాడరు కాబట్టి అది నమ్మశక్యం కాదు. రెండు, పాట ఎంత దుఃఖాన్నయినా తియ్యగా మార్చేస్తుంది, ప్రేక్షకుడు కథను వదిలేసి గొంతును ఆస్వాదిస్తాడు. మూడు, చివరికి అందరినీ ఓదార్చి పంపుతుంది. విషాదమంటే ఓదార్పు లేనిది కదా! జార్జ్ స్టైనర్ అనే విమర్శకుడు 1961లో 'ద డెత్ ఆఫ్ ట్రాజెడీ' అనే పుస్తకంలో ఈ చివరిమాటను గట్టిగానే చెప్పాడు. పోయినదానికి పరిహారం దొరికితే అది న్యాయం అవుతుందే తప్ప విషాదం కాదన్నాడు.

ఈ లెక్కన మన పద్యనాటకం, వీధిభాగోతం, సురభి నాటకం... ఏవీ విషాదాలు కావు. తరతరాలుగా చాపల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన మన అవ్వాతాతలు ఏడ్చింది 'ఏడుపుగొట్టు నాటకం' చూసే తప్ప విషాద నాటకం చూసి కాదన్నమాట. చిన్న విషయం కాదిది. వాళ్ల కన్నీళ్లు ఏ కోవలోకి వస్తాయన్న లెక్క!

గ్రీకులూ పాడేవారు

విషాద నాటకం పుట్టిల్లు గ్రీసు. ఆ పుట్టింట్లో పాట లేని విషాదమే లేదు. రంగస్థలం ముందున్న గుండ్రటి స్థలంలో బృందం పాడుతూ ఆడుతూ ఉండేది. ఆడపాత్రలు కూడా మగవాళ్లే వేసేవారు, మన వీధినాటకంలోలాగే. విషాదానికి లక్షణాలు రాసిన అరిస్టాటిల్ అందులోని ఆరు అంగాల్లో పాటనూ ఒకటిగా చేర్చాడు.

ఇంకో ముచ్చట. గ్రీకు విషాదాలన్నీ ఏడుపుతో ముగియవు. క్రీస్తుపూర్వం 458లో ఈస్కిలస్ ప్రదర్శించిన మూడు నాటకాల వరసలో ఆఖరిది 'యూమెనిడీస్'. తల్లిని చంపిన కొడుకు విడుదలవుతాడు. వాణ్ని వెంటాడిన ఉగ్రదేవతలు శాంతించి ఊరిని కాపాడే దేవతలవుతారు. చివరికి దివిటీల వెలుగులో పాటలు పాడుతూ వాళ్లను ఊరేగింపుగా తీసుకెళతారు. మన గంగమ్మ జాతర చూసిన తిరుపతివాళ్లకు ఈ ముగింపు కొత్తగా అనిపించదు!

గ్రీకు విషాదం పాటతో నడిచేదన్న సంగతే పదహారో శతాబ్ది చివర ఇటలీలోని ఫ్లోరెన్స్ పండితులకు కొత్త ఆలోచన ఇచ్చింది. దాన్ని మళ్లీ బతికించే ప్రయత్నంలో ఒపేరా పుట్టింది. సంగీతంతో సహా మనకు మిగిలిన మొట్టమొదటి ఒపేరా 'యూరిడీచే'. దాన్ని 1600లో ఫ్రాన్సు రాజుకూ మరియా దె మెదీచీకీ జరిగిన పెళ్లి వేడుకల్లో ఆడారు. పాత కథలో ఆర్ఫియస్ చనిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్లి, వెనక్కి తిరిగి చూసి, ఆమెను శాశ్వతంగా పోగొట్టుకుంటాడు. పెళ్లింట్లో అలాంటి కథ ఎలా చెబుతారు? అందుకే భార్యాభర్తలు సుఖంగా తిరిగొచ్చినట్టు మార్చేశారు. కల్యాణాల ఊరైన తిరుచానూరులో ఎవరినడిగినా 'అంతే కదా మరి' అంటారు.

బళ్లారి ప్లీడరు తెగువ

మన దగ్గర ఈ మంగళం కట్టును తెంచినవాడు రాయలసీమ గాలి పీల్చినవాడే. పేరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). బళ్లారిలో ప్లీడరు. సరసవినోదిని సభ పెట్టి నాటకాలు ఆడించాడు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు. సంస్కృత నాటకం శుభంగా ముగియాలన్నది అప్పటి పండితుల పట్టుదల. ఆయన దాన్ని కాదని 'విషాద సారంగధర' రాశాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెప్పుకునేది దీన్నే. రాజమహేంద్రవరం రాజకుమారుడి మీద సవతితల్లి చిత్రాంగి మోజుపడుతుంది. కాదన్నందుకు నింద వేస్తుంది. తండ్రి నిజం తెలుసుకోకుండా కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తాడు. పాత కావ్యకథల్లో సిద్ధుడి దయతో అతడికి అవి తిరిగి వస్తాయి. ధర్మవరం మాత్రం పేరులోనే విషాదాన్ని పెట్టాడు.

అసలు విశేషం వేరే ఉంది. తెలుగు రంగస్థలం మీద పద్యాలనూ పాటలనూ రాగాలతో పాడించే పద్ధతికి ఊపు తెచ్చినవాడూ ఆయనే! అంటే తొలి విషాదాంతాన్ని తెచ్చినదీ, వేదికకు గానాన్ని అలవాటు చేసినదీ ఒకే చెయ్యి. ఆయనకు ఆ రెంటి మధ్యా తగువు కనిపించలేదు. అదే బళ్లారిలో పేరు తెచ్చుకున్న రాఘవ (1880-1946) మాత్రం రాగాలాపన కంటే నటనకే పెద్దపీట వేశాడు. పాట ఎక్కువైతే పాత్ర చచ్చిపోతుందన్న వాదన మన ఇంట్లోనూ ఉన్నదే. చిత్తూరు రంగస్థలం మీద గొంతూ నటనా రెండూ కలిసిన మనిషి నాగయ్య. ఎక్కడో రెంటచింతలలో పుట్టినా ఈ ఊరి నాటకాలతోనే చిత్తూరు నాగయ్య అయ్యాడు.

వన్స్ మోర్... కాటిసీను!

వాదన తేలాలంటే కాటిసీను దగ్గరికి రావాలి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రాసిన 'సత్యహరిశ్చంద్రీయం' నాటకంలో ఈ ఘట్టానికి ఉన్నంత గిరాకీ తెలుగునాట ఇంకే ఘట్టానికీ లేదు. మొత్తం నాటకం ఆడించే స్తోమత లేని ఊళ్లు కూడా 'కాటిసీను మాత్రం వేయండి' అని అడిగేవి. ఇప్పటికీ అడుగుతున్నాయి.

రాజ్యం పోయింది. భార్యను అమ్ముకున్నాడు. తననూ అమ్ముకుని వీరబాహుడి దగ్గర కాటికాపరి అయ్యాడు. పాము కరిచి చనిపోయిన కొడుకును ఎత్తుకుని చంద్రమతి అర్ధరాత్రి ఆ కాటికే వస్తుంది. శవాన్ని దహనం చేయాలంటే సుంకం కట్టమంటాడు. చిల్లిగవ్వ లేదంటుంది. మెడలో మంగళసూత్రం ఉంది కదా అంటాడు. ఆ మాటతో ఆమె గుండె ఆగినంత పనవుతుంది. ఎందుకంటే ఆ మంగళసూత్రం పెనిమిటికి తప్ప ఇంకెవరికీ కనిపించదు!

ఒకరినొకరు గుర్తుపట్టే క్షణం విషాదానికి ఆయువుపట్టు అన్నాడు అరిస్టాటిల్. ఆ క్షణాన్ని మంగళసూత్రంతోనే కట్టిన కథ ఇది. అదే ఘట్టంలో గుర్రం జాషువా (1895-1971) 'శ్మశానవాటి' పద్యాలు కూడా వచ్చి చేరాయి. రాజునీ బిచ్చగాణ్నీ ఒకే బూడిద చేసే చోటు గురించి, అంటరానితనం అనుభవించిన కవి రాసిన పద్యాలు... కాటికాపరిగా మారిన చక్రవర్తి నోట వినిపిస్తాయి. హార్మోనియం శ్రుతి, పొడవాటి ఆలాపన, ఆఖరిపాదం దగ్గర ఒక్క విరుపు. జనంలోంచి కేక... 'వన్స్ మోర్!'

అదిగో, పండితుడు వేలు చూపించేది అక్కడే. కొడుకు శవం ముందు ఏడుస్తున్న తండ్రి ఏడుపు ఆపి, అదే పద్యం మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంటాడు. మధ్యలో ఎవరో వేదికెక్కి నూరు రూపాయల నోటు చొక్కాకు గుచ్చుతారు. మైకులో వాళ్ల పేరు చదువుతారు. ఇంకెక్కడి విషాదం!

అభ్యంతరం బలమైనదే. కానీ 'వన్స్ మోర్' అన్న మనిషి ముఖం చూస్తే సగం అనుమానం తీరుతుంది. ఒంట్లో బాగాలేని పెద్దాయన, ఊరికి దూరంగా కొడుకుండే తల్లి, ఈ మధ్యనే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం... ముందు వరసల్లో ఉండేది ఇలాంటివాళ్లే. వాళ్లకు కథ ముందే తెలుసు. ఏం జరుగుతుందో చూడ్డానికి రాలేదు. తమలో గడ్డకట్టిన దుఃఖం కరగాలంటే ఆ పద్యం ఒకసారి చాలదు, మళ్లీ కావాలి. మన పల్లెల్లో చావు ఇంట్లో ఏడుపు కూడా రాగంతోనే ఉంటుంది. పోయినవాళ్ల మంచీచెడూ వరసపెట్టి చెబుతూ, సాగదీస్తూ, ఊపిరి తిప్పుకుంటూ ఏడుస్తారు. ప్రాణం పోయిన చోట ఎవరూ పాడరన్న వాదన మన ఇళ్లలో నిలవదు. శోకంలోంచే శ్లోకం పుట్టిందని వాల్మీకి కథ ఊరికే చెప్పలేదు.

హరిశ్చంద్ర నాటకం పిల్లవాడి మనసు మీద చేసే పనికి మహాత్మాగాంధీయే సాక్షి. రాజ్‌కోటలో చిన్నప్పుడు ఈ నాటకం చూశాడు. ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదనీ, ఆ ఘట్టాలు తలచుకుని ఏడ్చేవాడిననీ ఆత్మకథలో రాసుకున్నాడు. జరిగింది నిజం కాకపోవచ్చని పెద్దయ్యాక తెలిసినా ఆయనకు ఆ ఏడుపు అబద్ధం కాలేదు.

బెర్న్‌స్టీన్ ఆగిపోయిన చోట

అమెరికా పాటల నాటకాల్లో విషాదం అనగానే చెప్పేది 'వెస్ట్ సైడ్ స్టోరీ'. 1957లో న్యూయార్క్‌లో ఆడింది. రోమియో జూలియెట్ కథను ఆ నగరపు వీధి ముఠాల మధ్యకు తెచ్చారు. సంగీతం లియోనార్డ్ బెర్న్‌స్టీన్. ఆఖర్న ప్రియుడు కాల్పుల్లో చనిపోతాడు. మరియా చేతిలో తుపాకీ. ఇరుపక్షాలనూ నిలదీస్తుంది. ఆ ఘట్టానికి పాట కట్టాలని బెర్న్‌స్టీన్ మళ్లీమళ్లీ ప్రయత్నించి వదిలేశాడు. అందుకే అక్కడ మరియా పాడదు... మాట్లాడుతుంది! నాటకమంతా పాడిన మనిషి అసలైన దెబ్బ తగిలిన చోట పాట ఆపేసింది.

లండన్‌లో 1985 నుంచి ఆడుతున్న 'లే మిజరాబ్ల్' దారి వేరు. పాత్రలు ఒక్కొక్కరుగా చనిపోతారు. చివర్లో చనిపోయినవాళ్లంతా వేదిక మీదికి తిరిగి వచ్చి ఆశతో బృందగానం చేస్తారు. అదీ ఒక రకం మంగళమే.

చంద్రమతి దారి ఈ రెండూ కాదు. మరియాలా దెబ్బ దగ్గర పాట ఆపదు. అక్కడే గొంతెత్తుతుంది. కాటిసీనులో పాట మొదలయ్యేదే మాట చాలని చోట. బెర్న్‌స్టీన్‌కు చేతకాలేదని కాదు. అక్కడి జనానికి పాట అంటే వేడుక, మౌనమే దుఃఖం. ఇక్కడి జనానికి దుఃఖం కూడా పాటే. కొలబద్ద వేరు.

అంటే రెండు అభ్యంతరాలు పోయాయి. మూడోది మిగిలింది... పరిహారం. నిజమే, హరిశ్చంద్రుడు భార్య తల నరకబోయే క్షణంలో దేవతలు ప్రత్యక్షమవుతారు. కొడుకు బతుకుతాడు, రాజ్యం తిరిగి వస్తుంది. స్టైనర్ లెక్కలో అది న్యాయం, విషాదం కాదు.

ఇక్కడ భరతుడు ఓ చక్కటి తూనికరాయి ఇచ్చాడు. ఎడబాటులోని బాధ, కరుణరసం రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కన్నీళ్లు, నిట్టూర్పులు, కృశించడం. తేడా ఒక్కటే. విరహంలో మళ్లీ కలుస్తామన్న ఆశ ఉంటుంది. కరుణలో ఆ ఆశ ఉండదు. నాట్యశాస్త్రం చెప్పిన మాట ఇది. ఈ రాయితో తూచి చూడండి. కొండమీద స్వామి, కొండకింద అమ్మ... అది విరహం. రాత్రికి వస్తాడన్న ఆశ ఉంది, ఏడాదికోసారి సారె ఉంది. కాటిలో చంద్రమతికి ఏ ఆశా లేదు. దేవతలు వస్తారని ఆమెకు తెలియదు. ఆ ఘట్టం నడిచినంతసేపూ అది అచ్చమైన కరుణ. చాలా ఊళ్లు నాటకంలోంచి ఆ ఒక్క సీనునే కోసుకుని అడగడంలో పామరత్వమేమీ లేదు. తమకు నిజమనిపించింది ఏదో వాళ్లకు తెలుసు!

మట్టి మనిషి పడుకున్న పొలం

ఆఖర్న కూడా ఏదీ తిరిగిరాని కథ కావాలంటే వేసవిలో ఈ ప్రాంతపు పల్లెల్లోకి వెళ్లాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ చుట్టుపక్కల చాలా భాగం ఉత్తరార్కాటు జిల్లాలోదే. అందుకే అటు తమిళ తెరుకూత్తు, ఇటు తెలుగు వీధినాటకం ఇక్కడ పాలూనీళ్లలా కలిసిపోయాయి. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో 'భారతం' పెడతారు. శ్రీకాళహస్తి, పుత్తూరు లాంటి పట్టణాల నుంచి చిన్నచిన్న పల్లెల దాకా ఇదే పద్ధతి. రోజుల తరబడి పగలు భారత హరికథ, రాత్రి వీధినాటకం. పెద్ద కిరీటాలు, అద్దాలు తాపిన భుజకీర్తులు, ముఖానికి దట్టంగా రంగు. మద్దెల, హార్మోనియం. పాత్రధారులంతా మగవాళ్లే, ద్రౌపదితో సహా.

పగటిపూట అర్జున తపస్సు. అర్జునుడి వేషగాడు పాడుతూ పాడుతూ ఎత్తయిన తపస్సుమాను ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో ఆ మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. పైనుంచి అతడు విసిరే నిమ్మకాయో పండో ఒళ్లో పడితే కడుపు పండుతుందని నమ్మకం. నాటకానికీ బతుకుకూ మధ్య తెర ఉండని చోటు అది. మరి అదే జనం ముందు కొన్ని రాత్రుల తర్వాత అభిమన్యుడు పద్మవ్యూహంలో పడిపోతే... ఆ తల్లి సుభద్ర పాడే పాట వాళ్ల చెవులకు ఎలా వినిపిస్తుంది? కర్ణమోక్షం నాడు, బతికుండగా బిడ్డా అని పిలవలేని కుంతి చచ్చిపోతున్నవాణ్ని ఒళ్లోకి తీసుకుంటే?

ఆఖరి ఘట్టం దుర్యోధన వధ. ఊరి బయట ఖాళీ పొలంలో మట్టితో పెద్ద దుర్యోధనుడిని వెల్లకిలా పడుకోబెట్టి చేస్తారు. రంగులు పూసిన ముఖం, మీసాలు, ఛాతీ, తొడలు. భీముడూ దుర్యోధనుడూ ఆ మట్టి దేహం చుట్టూ పాడుతూ, సవాళ్లు విసురుకుంటూ తిరుగుతారు. చివరికి భీముడి గద తొడ మీద పడుతుంది. ద్రౌపది ఇన్నాళ్లూ విరబోసుకున్న జుట్టు ముడివేసుకుంటుంది. పసుపుబట్టలు కట్టి, కంకణాలు కట్టుకున్న భక్తులు సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. మరునాడు ధర్మరాజు పట్టాభిషేకం, మంగళం.

గెలుపు దక్కింది. పరిహారం దక్కిందా? అభిమన్యుడు రాలేదు. కర్ణుడు రాలేదు. నిద్రలో అశ్వత్థామ కోసేసిన ద్రౌపది అయిదుగురు బిడ్డలూ రాలేదు. ఏ దేవతా ప్రత్యక్షమై వాళ్లను లేపలేదు. ముడివేసుకున్న ఆ జుట్టు కింద ఉన్నది కడుపుకోత పడిన తల్లి. పల్లెజనం ఆమెను అందుకే దేవతగా కొలుస్తారేమో! దుర్యోధనుడి చావును రంగస్థలం మీదే చూపించే సంస్కృత నాటకం కూడా ఒకటుంది, భాసుడి 'ఊరుభంగం'. కేరళలో భాసుడి తాళపత్రాలు ఇరవయ్యో శతాబ్ది మొదట్లో బయటపడ్డాకే లోకం దాన్ని చదివింది. సంస్కృతంలోనూ విషాదం ఉందని పండితులు ఆశ్చర్యపోయారు. చిత్తూరు పల్లెల్లో మాత్రం ఆ తొడ ఏటా విరుగుతూనే ఉంది!

విడిపోతున్న పద్యం

ఈ కళకు అసలు ముప్పు పాట ఎక్కువ కావడం వల్ల రాలేదు. పాట కథ నుంచి విడిపోవడం వల్ల వస్తోంది. కాటిసీను పద్యాలు ఇప్పుడు ఫోన్లలో మూడు నిమిషాల ముక్కలుగా దొరుకుతాయి. గొంతు అద్భుతం, వేలమంది వింటారు. కానీ ఆ పద్యానికి ముందు మూడు గంటలు కూర్చుంటేనే ఆ మూడు నిమిషాలకు బరువు వస్తుంది. ఆలిని అమ్మిన బజారు చూడనివాడికి ఆ కాటి సుంకం ఎంత బరువో తెలియదు. పద్యం బతికి నాటకం పోతే, అప్పుడు నిజంగానే మిగిలేది కచేరీ. పండితుడు అన్న మాటే నిజమవుతుంది.

1885లో కడప జిల్లా సురభి పల్లెలో 'కీచకవధ'తో మొదలైన సురభి కుటుంబాలు ఆరు తరాలుగా నాటకాన్ని నాటకంగానే కాపాడుకుంటూ వచ్చాయి. వీధినాటకం మేళాలదీ అదే పట్టుదల. రాత్రంతా రాజు వేషం కట్టిన మనిషి తెల్లారి పొలం పనికి వెళ్లే బతుకు. భారతం పెట్టే ఊరు ఉన్నంతకాలం వాళ్లకు పిలుపు ఉంటుంది. తెల్లవార్లూ కూర్చునే జనం ఉన్నంతకాలం అభిమన్యుడి చావుకు విలువ ఉంటుంది.

మళ్లీ పద్మసరోవరం గట్టు మీదికి...

చీకటి పడ్డాక పుష్కరిణి మెట్ల మీద కూర్చుంటే గుడిలోంచి గంట వినిపిస్తుంది. కొత్తగా పెళ్లయిన జంటలు, మొక్కు తీర్చుకునే ముసలివాళ్లు, పిల్లను భుజాన వేసుకున్న తండ్రులు. వీళ్లలో ఎవరి ఇంట్లో ఏ లోటు ఉందో ఎవరికి తెలుసు? అయినా హారతి కళ్లకద్దుకుని లేస్తారు.

మంగళం పాడేది కథలో పోయినవాళ్ల కోసం కాదు. వాళ్లెలాగూ రారు. విన్నవాళ్లు చీకట్లో ఇల్లు చేరాలి. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించాలి, పసులకు గడ్డి వేయాలి. అందుకోసం పాడేది మంగళం. అది దుఃఖాన్ని చెరిపేయదు, దుఃఖంతో నడిచే బలాన్నిస్తుంది. భాగవతం విషాదాంతం ఎందుకు కాలేదన్న ప్రశ్నకూ ఇదే జవాబు కావచ్చు. శుకుడు పరీక్షిత్తు చావును ఆపలేదు. ఏడు రోజులు కథ చెప్పి, చావు ముందు నిబ్బరంగా కూర్చోబెట్టాడు. విన్నవాడికి భయం పోయింది. ప్రాణం మాత్రం పోకుండా ఉండలేదు.

ఆ కథ చెప్పినవాడి పేరు మీదే ఈ ఊరు ఉంది.